పాత లారీయు నీటిగొట్టమును

పుస్తకమునందలి విద్యకును చేతియందలి విద్యకును ఎంత దూరము కలదో మేము గడచిన ఏప్రిలు నెలలో నల్లమల కనుమదారిని తెలిసికొంటిమి.

మా వసతిగృహమునకు నంద్యాలనుండి బియ్యపు బస్తాలు తెచ్చుటకు ఒక పాత లారీ కలదు. దాని రేడియేటరు గొట్టములు మెత్తబడినవని డ్రైవరు రెండు నెలలకు ముందే చెప్పియుండెను. ఖర్చులెక్కలు చూచువారము మేమే గనుక, "వచ్చే నెల చూతము" అని రెండుమారులు వాయిదా వేసితిమి. ఆనాటి మధ్యాహ్నము గిద్దలూరు వైపు కనుమ నెక్కుచుండగా ఇంజనునుండి ఆవిరి బుస్సున లేచెను. పై గొట్టము క్లిప్పు దగ్గర చీలినది. నీరు పోయవలెనను తొందరలో మేము చేతికి తువ్వాలు చుట్టుకొని రేడియేటరు మూత పట్టుకొంటిమి. డ్రైవరు మా మణికట్టు నొడిసిపట్టి, "అయ్యవారూ, దాని జోలికి పోవద్దు! ఉడుకు తగ్గనీండి" అనెను.

మాకు మిక్కిలి సిగ్గు కలిగెను. ఒత్తిడి పెరిగినకొలది నీరు మరుగు వేడియు పెరుగునని శిక్షణ కళాశాలలో నేర్చి, ఇరువది యేండ్లుగా తరగతిలో చెప్పుచున్నవారము. బయట 100 డిగ్రీల సెంటీగ్రేడున మరుగు నీరు, చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నాపు మూత క్రింద సుమారు 111 డిగ్రీలకు గాని మరుగదు. మూత తీసినంతనే ఒత్తిడి తొలగి, నీరు ఒక్కసారిగా పొంగి ముఖముపై చిమ్మును. నాలుగవ తరగతి దాటని ఆతని చేతికి తెలిసిన సంగతి మా చేతికి తెలియలేదు.

గంటసేపు చెట్టునీడను కూర్చుంటిమి. పిమ్మట ఆతడు చీలికపై పాత సైకిలు ట్యూబు చుట్టి, నీరు నింపి, ఒత్తిడి పెరుగకుండ మూతను వదులుగా నుంచి, మెల్లగా లారీని ఇల్లు చేర్చెను.

మరునాడు శనివారము. ఇంజను చల్లారియుండెను. తొమ్మిదవ తరగతి బాలురు చుట్టు చేరిరి. డ్రైవరు మూత తీసి, అడుగున నున్న కుళాయి విప్పి పచ్చని ద్రవమును తొట్టిలోనికి దింపెను. అందలి ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యన, కడుపునకు విషము. కుక్కలు నాకి చచ్చును. కావున తొట్టిపై వెంటనే పలక మూయించెను. అతుక్కొనిపోయిన గొట్టమును మెలిపెట్టి లాగినచో రేడియేటరు ఇత్తడి మెడ ఊడివచ్చునని, కత్తితో నిలువుగా చీల్చి తీసెను. మెడను గరుకు కాగితముతో రుద్ది, క్రొత్త గొట్టము నొక బాలుని కిచ్చెను. వాడు క్లిప్పులు ముందుగా గొట్టమునకు తొడుగుట మరచి, నవ్వుల పాలై, మరల మొదలిడెను. క్రింది గొట్టము పంపు లాగుడుకు నొక్కుకొనిపోకుండ లోపల తీగచుట్ట యుండును, దానిని తీసివేయరాదు. కడపట మందును మంచినీటిని సమపాళ్లుగా పోసి, మూత పెట్టక ఇంజను నడిపించెను. గాలిబుడగలు వెడలి మట్టము దిగగా మరికొంత పోసి మూత బిగించెను.

విప్పిన పాత గొట్టము పైకి నున్నగానే యుండెను. లోపల మాత్రము పగుళ్లు. దానిలో నొక ముక్కను దాచితిమి. ఇప్పుడు ఒత్తిడి పాఠము చెప్పునప్పుడు దానిని బల్లపై నుంచి, బాలురచేత వ్రేళ్లతో నొక్కించి, "దీనిని రెండు నెలలు వాయిదా వేసినది మేమే" అని చెప్పుచున్నాము.