వావి వరసలు

2025 మార్చి 7, రూవి, ఒమాన్
రంజాన్. పగలు బయట మంచినీళ్లు తాగినా నేరమే. మా ఆఫీసు రాజోలాయన బాత్రూంలోకెళ్లి తాగొస్తున్నాడు. ‘ఇదేం దేశమండీ’ అంటాడు. ఆయన అయ్యప్ప మాల వేసుకుంటే ఇంట్లో నలభై రోజులు ఉల్లిపాయ తరగరు.

మార్చి 13
మా ఆఫీసు పీఆర్వో ఇంట్లో ఇఫ్తార్. ఆయన ఒమానీ. నేలమీద పెద్ద పళ్లెం, అన్నం, పైన మేక మాంసం. మేనేజరు, డ్రైవరు, మేము, అందరివీ అందులోనే చేతులు. రాజోలాయన ‘ఎంగిలి’ అని గొణిగి ఖర్జూరాలతో సరిపెట్టాడు. మా ఊళ్లో టీ కొట్టుకి రెండు రకాల గ్లాసులుండేవి. కడిగినా కలిపేవాళ్లు కాదు.

మార్చి 30
ఉగాది. ఇక్కడ ముప్పయ్యో ఉపవాసం. వేపపువ్వు పార్కింగ్ పక్క చెట్టుది. పచ్చడి కర్టెన్లు వేసుకుని తిన్నాం. సొంతింట్లో ఆ అవసరం లేదు. అయినా వేశాం. వాచ్‌మన్‌కి చీకటి పడ్డాక ఇచ్చాం. మొహం అదోలా పెట్టాడు.

ఏప్రిల్ 17
పెళ్లిళ్ల మాటొచ్చింది. రాజోలాయన భార్య ఆయన సొంత అక్క కూతురు. పీఆర్వో ‘అస్తగ్‌ఫిరుల్లా’ అని కుర్చీ వెనక్కి జరిపాడు. ఆయన భార్య బాబాయి కూతురట. ‘చెల్లెలు కదండీ!’ రాజోలాయన లేచి నిలబడ్డాడు. ఇద్దరూ నావైపు చూశారు. టీ తెప్పించాను.

ఏప్రిల్ 18
సెలవు. కూర్చుని చూశాను. ఖురాన్‌లో మేనకోడలు నిషిద్ధం. 1955 హిందూ వివాహ చట్టం జాబితాలోనూ నిషిద్ధమే. అన్నదమ్ముల పిల్లలు, మేనరికం కూడా అదే జాబితా. ఆచారం ఉంటే చెల్లుతుందని కింద ఒక ముక్క. రాజోలాయన ఆ ముక్క మీద కాపురం చేస్తున్నాడు.

మే 8
‘మహర్ ఎంతిచ్చావు?’ అని పీఆర్వో. ఇక్కడ పెళ్లికొడుకు పెళ్లికూతురికే ఇవ్వాలి. రాజోలాయన పుచ్చుకున్నాడు. 1961లో కట్నం నిషేధించారు, ఆయన పుట్టకముందే. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. అందులో డబ్బు పిల్ల తండ్రికి. పీఆర్వోకి ఇవన్నీ చెప్పలేదు. ‘మా వైపు వేరే పద్ధతి’ అన్నాను.

జూన్ 3
మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని బంద్. ఆగస్టు దాకా ఇంతే. కడప కుర్రాడొకడు పాస్‌పోర్టు గురించి వచ్చాడు. కంపెనీ బీరువాలో ఉందట. ‘ఇక్కడి ఆచారం’ అన్నాడట వాళ్ల మేనేజరు. ఆయనది మన నెల్లూరే.

జూన్ 4
ఒమాన్‌లో బానిసత్వం 1970లో రద్దు. కాంట్రాక్టు ముగిశాక కంపెనీ మారడానికి ఎన్వోసీ అక్కర్లేదన్నది 2021 జనవరి నుంచి. కుర్రాడికి రెండోది చెప్పాను.

2026 జనవరి 4
ఈ ఒకటో తేదీ నుంచి ఒమానీలకు పెళ్లికి ముందు వైద్య పరీక్ష తప్పనిసరి. సికిల్ సెల్, తలసీమియా లాంటివి చూస్తారు. పీఆర్వో తమ్ముడు రక్తమిచ్చి వచ్చాడు. ‘మంచి పని. వీళ్లు అయినవాళ్లనే చేసుకుంటారు కదా’ అన్నాడు రాజోలాయన. మన దగ్గర ఈ పరీక్ష ఇంకా ఎవరిష్టం వాళ్లదే.