క్లెయిమ్ చేయాలా, వద్దా

నవంబర్ 9, 2023

సెంటర్టన్ దాటాక, పొద్దు గుంకే వేళ, పక్కింటి వదినగారి కారుకు జింక అడ్డం వచ్చింది. ఆర్కన్సాలో ఇది జింకలు జతకట్టే కాలం. ముందూవెనకా చూడకుండా రోడ్ల మీదికి దూకేస్తాయి. నేను వెళ్లేసరికి గ్రిల్లు లోపలికి పోయి, రేడియేటర్ కారుతోంది. పగిలిన హెడ్‌లైట్‌లో గోధుమరంగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. వదినగారికేమీ కాలేదు, చేతులు మాత్రం వణుకుతున్నాయి.

జింకను గుద్దితే అది కారు పాలసీలో కాంప్రహెన్సివ్ భాగం కిందికి వస్తుంది, తప్పు మన మీద పడదు. అదే జింకను తప్పించబోయి చెట్టుకు కొడితే కొలిజన్. అప్పుడు తప్పు సాధారణంగా మనదే అంటారు. అందుకే బ్రేక్ గట్టిగా వెయ్యి, లేన్ మాత్రం వదలకు అని ఇక్కడ కొత్తవాళ్లకు చెబుతారు. వదినగారు అదే చేశారు. ఈ రాత్రే క్లెయిమ్ చేసేయమన్నాను.

డిసెంబర్ 16

మావారి టీములో కొత్తగా చేరిన ఖమ్మం కుర్రాడు ఇండియన్ స్టోర్ పార్కింగ్ నుంచి ఫోన్ చేశాడు. రివర్స్ తీస్తూ ఒక పికప్ తలుపుకు కొట్టాడట. పికప్ ఆయన నాలుగు వందల డాలర్లు క్యాష్ ఇచ్చి వెళ్లిపొమ్మంటున్నాడట.

“ఇచ్చేస్తే పోతుందిగా అక్కా! పోలీసులు, రిపోర్టు అంటే రేపు హెచ్‌1 స్టాంపింగ్‌లో అడుగుతారేమో.”

“స్టాంపింగ్‌కీ దీనికీ సంబంధం లేదు తమ్ముడూ. ఇన్సూరెన్స్ క్లెయిమ్ నేరం కాదు. ముందు రెండు కార్లకూ, నంబర్ ప్లేట్లకూ ఫోటోలు తియ్యి. ఆయన ఇన్సూరెన్స్ కార్డు ఫోటో కూడా తీసుకో. మీ కంపెనీకి ఇవాళే చెప్పు.”

ఈ భయాన్ని ఎన్ని ఇళ్లలో చూశానో! వాల్‌మార్ట్‌ను నమ్ముకుని ఈ ఊరొచ్చిన మన పిల్లలకు వీసా పేరు చెబితే చాలు, న్యాయంగా తమకున్న రక్షణను కూడా వదిలేసుకుంటారు. ఎదుటి మనిషి, ఎదుటి బండి ఉన్నప్పుడు చెప్పాలా వద్దా అని లెక్కలేసుకోవడానికి తావు లేదు. చెప్పితీరాలి. జరిగింది వెంటనే తెలియజేయాలన్నది పాలసీలోనే ఉండే షరతు. చేతిలో పెట్టిన క్యాష్‌కు కాగితం ఉండదు, రేపు మెడ నొప్పి అంటే ఆ డబ్బు అడ్డుపడదు. ఈ రాష్ట్రంలో గాయాలకు దావా వేయడానికి 3 ఏళ్ల గడువుంది. ఎవరికైనా గాయమైనా, ఒకరి నష్టం వెయ్యి డాలర్లు దాటినా 30 రోజుల్లో రాష్ట్రానికి ప్రమాదం గురించి ఎస్‌ఆర్-1 ఫారం పంపాలి.

జనవరి 22, 2024

ఐ-49 మీద ముందు వెళ్తున్న లారీ నుంచి రాయి ఎగిరొచ్చి అద్దానికి తగిలింది. కందిబద్దంత చిట్లు. ఇలాంటిది అలాగే వదిలేస్తే, ఈ చలిలో హీటర్ వేయగానే అడ్డంగా పాకుతుంది. చిట్లుకు రెజిన్ నింపడం వరకైతే చాలా పాలసీల్లో డిడక్టబుల్, అంటే మన వాటాగా పెట్టాల్సిన మొత్తం, అడగరు. అద్దమే మార్చాలంటే అడుగుతారు. రేపు పొద్దున్నే వెళ్లాలి.

ఫిబ్రవరి 11

గుంటూరు నుంచి నాన్న ఫోన్.

“చిన్నదానికి క్లెయిమ్ ఎందుకమ్మా, నో క్లెయిమ్ బోనస్ పోతుంది కదా!”

అక్కడ నాన్న లెక్క సరైనదే. మొదటి ఏడు 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50. అంత కూడబెట్టుకున్నది ఒక బంపర్ గీత కోసం ఎవరు పోగొట్టుకుంటారు? ఇక్కడ అందరికీ ఒకటే మెట్ల వరస లేదు, కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి కాగితం మీద రాసుకుని చూడాల్సిందే. గోడకు గీసుకుని మన కారు ఒక్కటే దెబ్బతింది, బాగుచేయడానికి 850 అవుతుంది, డిడక్టబుల్ 500 అనుకుందాం. చేతికొచ్చేది 350. తప్పు మనదని నెలకు పాతిక డాలర్లు పెంచి మూడేళ్లు వసూలు చేస్తే 900 పోతుంది. ఇలాంటప్పుడు జేబులోంచి పెట్టుకోవడమే మేలు. చేసిన క్లెయిములు లెక్సిస్‌నెక్సిస్ వాళ్ల క్లూ రిపోర్టులో 7 ఏళ్లు ఉంటాయి, కంపెనీ మారినా వెంట వస్తాయి. ఆ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు.

అయితే నాన్న చెప్పే ఈ జాగ్రత్తే ఇక్కడ పిల్లల్ని ముంచుతోంది. చిన్న గీతకు పనికొచ్చే లెక్కను మనిషికి దెబ్బ తగిలినచోట కూడా వాడుతున్నారు.

మార్చి 4

ఖమ్మం తమ్ముడికి లాయరు నుంచి ఉత్తరం వచ్చింది. పికప్ ఆయనకు మెడ నొప్పట. ఉత్తరాన్ని అలాగే ఇన్సూరెన్స్ వాళ్లకు పంపాడు. ఇక మాట్లాడేది, అవసరమైతే లాయర్ని పెట్టేది వాళ్లే. ఆ రోజు నాలుగు వందలు చేతిలో పెట్టి వచ్చేసి ఉంటే ఈ ఉత్తరం ముందు ఒంటరిగా కూర్చునేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.



   

మే 26

అర్ధరాత్రి దాటాక టోర్నడో సైరన్లు. పిల్లల్ని బాత్రూములో కూర్చోబెట్టి పైన పరుపు కప్పాం. తెల్లారి చూస్తే రోజర్స్‌లో వీధులకు వీధులే మూసుకుపోయాయి, వేళ్లతో సహా లేచిన ఓక్ చెట్లు. డెకేటర్ పరిస్థితి ఇంకా ఘోరం. కరెంటు లేదు, ఫోన్లు అందడం లేదు.

జూన్ 2

చెట్టు కూలి దెబ్బతిన్న కారుకు ఇంటి ఇన్సూరెన్స్ ఇవ్వదు, కారు పాలసీలోని కాంప్రహెన్సివే ఇవ్వాలి. ఈ వారమంతా అందరికీ ఇదే చెబుతున్నాను. ఇది ప్రకృతి చేసిన నష్టం, ప్రీమియం పెరుగుతుందేమోనని వెనకాడొద్దు. తుఫాను తర్వాత ఊరందరికీ రేట్లు పెరిగితే క్లెయిమ్ చేయనివాడికీ పెరుగుతాయి.

రోజర్స్‌లో ఉండే ఒక కుర్రాడి పాత కరోలా పైకప్పు సీట్లదాకా దిగిపోయింది. అతనికున్నది లయబిలిటీ ఒక్కటే, చట్టం అడిగే కనీసం: గాయాలకు మనిషికి 25 వేలు, మొత్తం 50 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేలు. తన కారుకు పైసా రాదు. లోన్ మీద కొన్న కారైతే బ్యాంకే ఫుల్ కవరేజ్ కావాలని పట్టుబట్టేది. ఇది రొక్కం పెట్టి కొన్నది కాబట్టి ఎవరూ చెప్పలేదు. నెలకు కాస్త మిగులుతుందని తీసుకోలేదట. నాకు కడుపు రగిలిపోయింది. కొత్తగా వచ్చినవాడికి అపార్ట్‌మెంటు, సిమ్ము, బియ్యం ఎక్కడో చెప్పేవాళ్లం ఇంతమందిమి ఉన్నాం, ఇది ఒక్కటీ చెప్పలేకపోయామా?

వచ్చే శనివారం పాలసీ మొదటి పేజీ పట్టుకుని భోజనానికి రమ్మని పిల్లలందరికీ వాట్సాప్‌లో పెట్టాను. కాంప్రహెన్సివ్ లేని పాత కార్లు ఎవరెవరివో ముందు చూడాలి.