నడికుడి కింద సముద్రం

నడికుడి జంక్షన్‌లో మాచర్ల బండి కోసం ఎప్పుడైనా కూర్చున్నారా? పక్కనే రెంటచింతల, ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అక్కడ సముద్రగర్భం మాట ఎత్తితే ఎవరైనా వింతగా చూస్తారు. సూర్యలంక తీరం కూడా వంద కిలోమీటర్ల పైమాటే మరి. అయినా ఆ మాటకు నడికుడిని మించిన ఊరు లేదంటాను.

విశాఖ ఒడ్డున నిలిపిన కురుసుర సబ్‌మెరైన్ ఒకప్పుడు తిరిగిన లోతుల్ని సముద్రగర్భం అంటాం. ఇంటర్నెట్ కేబుళ్లు పరిచిన అడుగునూ అంటాం. ఆ అడుగునూ తొలుచుకుని దిగి, కాకినాడకు ఎదురుగా 2009 నుంచి గ్యాస్ తోడుతున్న పొరలనూ అంటాం. సరే, ఆ పొరల మీంచి నీళ్లు తప్పుకుంటే? అప్పుడు అది నడికుడి అవుతుంది.

దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ల వైపు నేలలో పరుచుకున్న సున్నపురాయి ఒకనాటి లోతు తక్కువ సముద్రపు అడుగు. నీళ్లలోని సున్నం సన్నటి బురదలా పేరుకుని, పొర మీద పొర పడి, బిగుసుకుంది. కడప జిల్లాలోని నార్జి ఊరి పేరు మీద భూగర్భశాస్త్రజ్ఞులు దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. వయసు యాభై కోట్ల ఏళ్లకు పైనే. అందులో గవ్వలు వెతక్కండి. గవ్వ కట్టుకునే జీవులు అప్పటికింకా పుట్టలేదు! నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శిల్పులు బుద్ధుడి కథలు చెక్కింది ఈ పల్నాటి సున్నపురాయి మీదే.

మనవాళ్లు దాన్ని ముగ్గురాయి అంటారు. పిడుగురాళ్ల బట్టీల్లో తొమ్మిది వందల డిగ్రీల వేడికి తెచ్చి కాలుస్తారు. మచ్చలేని రాయి 100 కిలోలు కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ బొగ్గుపులుసు వాయువై పోతుంది. ఆనాటి సముద్రం రాయిలో దాచిపెట్టిన గాలి అది. ఆ దుమ్ములో, సెగలో నిలబడి రాళ్లెత్తే కూలీలకు ఈ కథ ఎవరైనా చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది. వాళ్లు చేత్తో ఎత్తుతున్నది సముద్రగర్భాన్నే కదా.

ఆ చుట్టుపక్కల బడిలో పాఠం చెప్పే మాస్టారెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. పిల్లల చేత చిన్న రాయి ముక్క తెప్పించి, మెత్తగా నూరించి, నిమ్మరసం పిండించండి. బుడగలొస్తాయి. బట్టీలో పోయే గాలీ, ఆ బుడగల్లో గాలీ ఒకటేనని చెప్పండి. సముద్రగర్భం అంటే ఏమిటో అప్పుడు అడగండి.