రోహిణి ఎండల్లో పురుడు

2015 మే నెలను మా పల్నాడులో ఇప్పటికీ తలుచుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. ఆ ఏడు రోహిణి ఇంకా రాకముందే మనుషులు కూలిపోయారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. మా పాప ఆ నెల్లోనే పుట్టింది.

నర్సరావుపేటలో ఆపరేషన్ చేసి తీశారు. కుట్లు విప్పాక మమ్మల్నిద్దరినీ రెంటచింతల పక్కనున్న మా పుట్టింటికి తెచ్చారు. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళే చూసుకోవాలి కదా. టీవీలో ఎండల లెక్క చెప్పేటప్పుడు ముందుగా వినపడే పేరు రెంటచింతలదే. 46 డిగ్రీలన్నా మా ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు.

ఇంటి వెనకవైపు గది నాకిచ్చారు. ఉన్న ఒక్క కిటికీకీ గాలి సోకకుండా గోనెపట్టా కట్టారు. గుమ్మం దగ్గర చీపురు, పాత చెప్పు, నా తలకింద ఇనుప ముక్క. చెవుల్లో దూది, తల చుట్టూ గుడ్డ. ఫ్యాను వేయొద్దన్నారు, వేసినా కరెంటు ఉండేది కాదు. పొద్దుగూకే వేళకు మంచం కింద కుంపటి పెట్టి సాంబ్రాణి వేసేవాళ్ళు. పథ్యం కింద వెల్లుల్లి కారం, నెయ్యి, లేత బీరకాయ కూర. పాలు పడతాయని తెలగపిండి వండేవాళ్ళు. అదంతా ఇష్టంగానే తిన్నాను. నీళ్ళ దగ్గరే ఇబ్బంది. కాచి చల్లార్చినవి చిన్న గ్లాసుతో, అడిగితేనే ఇచ్చేవాళ్ళు.

"నీళ్ళు ఎక్కువ తాగమాకమ్మాయ్, పొట్ట దిగదు, ఒళ్ళు నీరు పడుద్ది" అనేది అమ్మమ్మ.

అమ్మమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె చెల్లెలు బాలింత జ్వరంతో పోయింది. తొలి కాన్పు, పద్దెనిమిదేళ్ళు. ఆసుపత్రి లేదు, మందు లేదు, ఎందుకు పోయిందో చెప్పేవాళ్ళూ లేరు. గాలికీ నీటికీ దూరంగా ఉంచితే బతుకుద్దని నమ్మడం ఒక్కటే ఆ కాలం ఆడవాళ్ళ చేతిలో ఉంది. ఆ నమ్మకంతోనే నన్ను కాపాడాలని చూసింది. మా అమ్మకు సగం నమ్మకం, సగం భయం. ఆమె చాటుగా ఇంకో గ్లాసు తెచ్చి ఇచ్చేది.

అదే అమ్మమ్మ పాపకు మాత్రం నీళ్ళు పట్టమనేది. "ఎండకు పసిదానికి నోరెండిపోద్ది" అని చెంచాతో నాలుగు చుక్కలు పోసేది. బిడ్డ కడుపు నీళ్ళతో నిండేది, పాల దగ్గర కళ్ళు మూసుకునేది. నాకేమో రొమ్ములు గట్టిపడి, చనుమొనలు పగిలి, పాపను దగ్గరికి తీసుకుంటే ప్రాణం పోయినంత పనయ్యేది. పళ్ళు బిగబట్టుకుని పట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం పాప ఒళ్ళు కాలిపోతోంది. లేపినా లేవలేదు. ఇరుగుపొరుగు వచ్చి దిష్టి అన్నారు, ఎర్రనీళ్ళు తిప్పి పోశారు. అప్పుడే ఆశా అక్క వచ్చింది. కాన్పు ఆసుపత్రిలో జరిగినా ఆశా కార్యకర్త ఇంటికి ఆరుసార్లు వచ్చి చూడాలి. మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు. మా ఊరి అక్క ఆ ఎండలో చీర కొంగు నెత్తిన కప్పుకుని నడిచి వచ్చింది. చేతులు సబ్బుతో కడుక్కుంది. థర్మామీటరు పాప చంకలో పెట్టింది. సంచిలోంచి తక్కెడ తీసి, గుడ్డలో పాపను వేలాడదీసి తూచింది.

"పాప పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఒంటికి పోసింది?"

"ఒక్కసారే" అంది అమ్మ.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వెన్నిసార్లు పోసుకున్నావమ్మా?"

ఆ ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. పురుడు పోసుకున్నప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పాప రంగు, ముక్కు, ఎవరి పోలిక, పాలు చాలుతున్నాయా లేదా అని అడిగారు. నా ఒంటి సంగతి అడిగిన మొదటి మనిషి ఆమె. నేను ఆ రోజు అసలు వెళ్ళలేదని చెప్పాను. ఆమె లేచి కిటికీ గోనెపట్టా విప్పేసింది. కుంపటి బయట పెట్టించింది. పాప ఒంటి మీది గుడ్డలు సడలించింది. చెంబుడు నీళ్ళు తెప్పించి, నేను తాగేదాకా నిలబడింది.

"పెద్దమ్మా, తల్లిపాలల్లో నూటికి ఎనభై ఎనిమిది వంతులు నీళ్ళే. తాగాల్సింది తల్లి. ఆరు నెలలదాకా బిడ్డకు చుక్క నీళ్ళు అక్కర్లా" అంది అమ్మమ్మతో. గట్టిగా అరవలేదు, పెద్దరికం తీసెయ్యలేదు. అమ్మమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత నీళ్ళ చెంబు తనే నింపి నా మంచం దగ్గర పెట్టేది.

రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో చూస్తూ కూర్చోకూడదని అక్క అప్పటికప్పుడే ఆటో పిలిపించింది. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సరావుపేట పంపారు. పరీక్షలు చేసి, ఇన్‌ఫెక్షన్ లేదని, ఎండకూ పాలు చాలకా ఒంట్లో నీరు తగ్గిందని చెప్పారు. పాప తేరుకుంది. అదే వేడిలో, అదే వారంలో ఎందరు పసివాళ్ళ ఇంటికి ఏ అక్కా సమయానికి వెళ్ళలేకపోయిందో అని ఇప్పటికీ అనుకుంటాను.

పాలు పట్టే పద్ధతి కూడా ఆమే నేర్పింది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, బిడ్డను మన దగ్గరికి తెచ్చుకోవాలి గానీ మనం బిడ్డ మీదికి వంగకూడదు. ఇంతే. ఈ నాలుగు మాటలు ఆసుపత్రిలో ఎవరైనా మంచం దగ్గర కూర్చుని చెప్పి ఉంటే అంత నొప్పి పడేదాన్ని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 మందికి, తెలంగాణలో 60 మందికి ఆపరేషన్ కాన్పులేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఈ తల్లుల్లో సగం మంది కోసిన పొట్టతో లేచి, వంగి, ఎత్తి, కూర్చుని బిడ్డను సాకుతున్నారు. ఇంకే ఆపరేషన్ అయినా మనిషిని పడుకోబెట్టి చూసుకుంటాం. ఈ ఆపరేషన్ అయిన మనిషికి మాత్రం ఆ రాత్రి నుంచే కొత్త పని అప్పగిస్తాం.

పుట్టిల్లు నాకిచ్చినదాన్ని తక్కువ చేయలేను. అమ్మ పాపకు స్నానం చేయించేది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడిచి, కాళ్ళు చాపి, పాపను బోర్లా వేసుకునేది. ఒక చేత్తో నూనె రాస్తూ ఇంకో చేత్తో నీళ్ళు వీపు మీద పోస్తుంటే, పాప మొదట ఊరంతా వినపడేట్టు ఏడ్చి, వెల్లకిలా తిప్పేసరికి చేతులు వదిలేసేది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దని ఆశా అక్క చెప్పాక అమ్మ ఆ ఒక్కటీ మానేసింది. తుడిచి, పాత చీర ముక్కలో చుట్టి ఉయ్యాల్లో వేస్తే రెండు మూడు గంటలు కదిలేది కాదు. నేను రోజు మొత్తంలో నిద్రపోయింది ఆ కాసేపే. రాత్రిళ్ళు నాన్న పాపను భుజాన వేసుకుని డాబా మీద తిరిగేవాడు. మమ్మల్ని చిన్నప్పుడు ఎత్తుకోవడం ఎరగని నాన్న. పాలకు ఏడిస్తేనే కిందికి తెచ్చేవాడు.

మా వీధిలోనే ఇంకో బాలింత ఉండేది. ఆమె బిడ్డకు మూడో నెల. తెల్లవారకముందే ఉపాధి హామీ పనికి చెరువు మట్టి తవ్వడానికి వెళ్ళేది. బిడ్డను ఎనిమిదేళ్ళ పెద్దకూతురు చూసేది. ఆమె తిరిగొచ్చేసరికి జాకెట్టు ముందరంతా పాలకు తడిసి, దాని మీద మట్టి అంటుకుని ఉండేది. అరుగు మీద కూలబడి, చేతులు కూడా కడుక్కోకుండా బిడ్డను లాక్కునేది. పనిచోటికి ఐదుగురు పసిపిల్లలు వస్తే వాళ్ళను చూడ్డానికి ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని 2005 చట్టంలోనే రాశారు. మా చెరువు దగ్గర అలాంటి మనిషి ఎవరూ కనిపించలేదు. అంగన్‌వాడీ టీచరు ఆమెకిచ్చే గుడ్లు సగం పెద్దపిల్లకే పోయేవి.

ఐదో నెలలో హైదరాబాద్ వచ్చాం. మియాపూర్‌లో మూడో అంతస్తు. ఇక్కడ గాలి, నీళ్ళు, ఫ్యాను దేనికీ అడ్డు చెప్పేవాళ్ళు లేరు. పాపను ఓ పావుగంట పట్టుకునేవాళ్ళూ లేరు. మా ఆయన ఎనిమిదింటికి వెళితే రాత్రి తొమ్మిదికి వచ్చేవాడు. ఆయన ఉండాలనే అనుకున్నాడు. బిడ్డ పుట్టిన తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో 15 రోజుల సెలవుంది, ప్రైవేటులో ఇవ్వాలని చట్టమే లేదు. ఆయనకు దొరికింది ఒక శనివారం. అమ్మకు మిర్చి నాట్ల పని, రాలేకపోయింది.

ఆ రోజుల్లో నేను స్నానాల గది తలుపు వేసుకోలేదు. ఎదురుగా చాప మీద పాపను పడుకోబెట్టి, పాట పాడుతూ రెండు చెంబులు పోసుకుని వచ్చేదాన్ని. కుక్కర్ విజిల్‌కు పాప ఉలిక్కిపడి లేస్తుందని గిన్నెలో ఎసరు పెట్టి అన్నం వార్చడం మొదలుపెట్టాను. కాలింగ్ బెల్ తీగ పీకించాను. ఎడమచేత్తో పాప, కుడిచేత్తో ముద్ద. అన్నం వేడిగా తిన్న గుర్తు లేదు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో తిరిగి చేరతానంటే, పిల్ల కాస్త పెద్దదవనివ్వండి అన్నారు. నా స్థానంలో వేరే మనిషిని పెట్టేశారు. అప్పటికి చట్టం ఇచ్చే ప్రసూతి సెలవు 12 వారాలే. 2017లో 26 వారాలు చేశారు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, ఇళ్ళలో, పొలాల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఆ అంకె ఏమీ ఇవ్వలేదు.

మా కింది ఫ్లాటులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఆమెకు తల్లి లేదు కాబట్టి పుట్టింటికి వెళ్ళలేదు. బాబు పుట్టి రెండో నెల. మెట్ల మీద ఎదురైతే నవ్వేది, తర్వాత నవ్వడం మానేసింది. ఒక రోజు బాబు ఏడుపు ఆగకపోతే కిందికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. బాబు మంచం మీద ఏడుస్తున్నాడు. ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేవడం లేదు. "అక్కా, వీడికి నేను పనికిరాను" అంది. వాళ్ళత్తగారు ఫోన్‌లో బద్ధకమని తిడుతున్నారట. మనుషులకు దూరంగా ఉంటోందంటే గాలి సోకిందని ఎవరో తాయెత్తు కూడా పంపారు.

పురుడయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామంది తల్లులకు ఉంటుంది. నాకూ వచ్చింది. రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. తగ్గకపోతే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ఈ మాట నాకు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాకే తెలిసింది. అక్కడ పది ప్రశ్నలున్న కాగితం తీసి, ఒక్కొక్కటీ తెలుగులో చదివి అడిగారు. చివరి ప్రశ్న, నీకు నువ్వు హాని చేసుకోవాలనిపించిందా అని. ఆమె అవునని తలూపింది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ ఆమె భర్త కుర్చీలో కూర్చుండిపోయాడు.

బిడ్డకు పాలిస్తూనే వాడగలిగే మందులు రాశారు. రాత్రి ఒక పాలవేళ భర్తే చూసుకోవాలని, ఆమెకు నాలుగైదు గంటలు తెగకుండా నిద్ర ఉండాలని చెప్పారు. ఆయన చేశాడు. పగలు నేను మా పాపను తీసుకుని వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఒకరు వండితే ఒకరు ఇద్దరు పిల్లలనూ చూసేవాళ్ళం. నాలుగో అంతస్తు పిన్నిగారు మధ్యాహ్నం వచ్చి ఓ గంట కూర్చునేవారు, మేమిద్దరం నిద్రపోయేవాళ్ళం. సంక్రాంతికి ఆమె ముగ్గు వేసింది. ఇప్పుడు ఆ బాబు బడికి వెళుతున్నాడు, ఆమె ఉద్యోగం చేస్తోంది.

పురిటింటికి బిడ్డను చూడ్డానికి వెళ్ళే వారందరికీ నా విన్నపం ఒకటే. ముందు తల్లిని పలకరించండి. తిన్నావా, నీళ్ళు తాగావా, నిద్రపోయావా అని అడగండి. గౌను, ఉంగరం తేకపోయినా ఫరవాలేదు, ఓ గంట బిడ్డను పట్టుకుని ఆమెను పడుకోనివ్వండి. ఆమె మాటలో, చూపులో మార్పు రెండు వారాలు దాటినా పోకపోతే డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. ఎవరికి చెప్పాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు ఉంది. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ఆ నంబరు 14416.