ముప్కాల్ నుండి బోధనుకు చిన్న కారులో

మా ముప్కాల్ పెద్ద రోడ్డును ఆనుకొని ఉన్న ఊరు. శ్రీనగరు నుండి కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి అది. మా పెద్దలు మాత్రం పాత అలవాటు కొద్దీ దానిని ఇంకా ఏడో నంబరు రోడ్డనే అంటారు. ఉత్తరానికి కొద్ది దూరం పోతే గోదావరి, దానిమీద పోచంపాడు ఆనకట్ట. చుట్టూ పసుపు, మక్క చేలు. 2016లో మా ఊరు మండల కేంద్రమైంది. అయినా పసుపు అమ్మాలన్నా, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలన్నా నిజామాబాదుకే పోవాలి. మా అక్కగారి ఇల్లు ఇంకా అవతల, బోధన్ దగ్గర. మొత్తం సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణం.

కారు లేని రోజుల్లో మా కుటుంబమంతటికీ ఒకే స్కూటరు. ముందు పెద్దవాడు నిలబడేవాడు, వెనుక ఒడిలో చిన్నది. వాన వస్తే ఏ చింతచెట్టు కిందనో ఆగి, నలుగురం తడిసి ముద్దయ్యేవాళ్లం. ఇలా వానలో స్కూటరుమీద పోతున్న ఒక కుటుంబాన్ని చూచినందువల్లనే తనకు చవక కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పారు. ఆయన తలపెట్టిన నానో కారును 2008 జనవరిలో ఢిల్లీలో చూపించారు. మరుసటి సంవత్సరం లక్ష రూపాయల ధర పేరుతో అది అమ్మకానికి వచ్చింది. అంతకు పాతికేళ్ల ముందే, 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి, కారంటే దొరల సొత్తు అనే మాటను పోగొట్టింది.

మేము కూడా 2011లో ఒక పాత చిన్న కారు కొన్నాము. పసుపు డబ్బు కొంత, చేబదులు కొంత. దాని మేలును మరచిపోలేము. లీటరు పెట్రోలుకు 16 కిలోమీటర్లు నడిచేది. సందులో తిరిగేది, వేపచెట్టు నీడలో ఇమిడేది. ఒక రాత్రి అవ్వకు ఆయాసం వస్తే గంటన్నరలో నిజామాబాదు చేర్చింది. ఆ ఒక్క రాత్రికే దాని ఖరీదు తీరిపోయిందని అనుకున్నాము.

2013 డిసెంబరులో అక్కగారి అమ్మాయికి ప్రధానం. కారులో మేము తొమ్మిదిమందిమి ఎక్కాము. పెద్దలు ఐదుగురు, పిల్లలు నలుగురు. "బస్సుకు ఇంతమందికి ఎంతవుతుందో లెక్క వేయండి" అని మాలో మేము సంతోషించాము.

పోయేటప్పుడు దారంతా వేడుకగానే ఉంది. ఆర్మూరులో ఒకదానిపై ఒకటి పేర్చినట్లున్న నల్లని రాళ్ల గుట్ట. అంకాపూరు దగ్గర రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు. నిజామాబాదు దాటి జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ చెరువు. ఆపైన ఎడపల్లి, బోధన్ వైపు చెరుకు తోటలు. మంజీర మీది నిజాంసాగర్ నీళ్లతో పెరిగిన చెరుకు అది. శక్కర్‌నగర్‌లో 1937 నాటి చక్కెర ఫ్యాక్టరీ అప్పటికింకా నడుస్తున్నది. చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. ఆర్మూరు దాటి పెద్ద రోడ్డెక్కాము. ముందు వెనుక లైటు లేని ట్రాక్టరొకటి పోతున్నది. దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. బ్రేకు నొక్కితే కారు ఆగలేదు, జారింది. స్టీరింగు ఎడమకు తిప్పి మట్టిలోకి దింపాము. ట్రాక్టరు ట్రాలీకి, మాకు మధ్య జానెడు ఎడం మిగిలింది. ముందు సీటులో ఒడిలో ఉన్న చిన్నదానికి పెదవి చిట్లింది. అవ్వ నుదురు ముందు సీటుకు కొట్టుకున్నది. దేవుని కృపవలన అంతటితో పోయింది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరకు అవ్వ అన్నది, "బస్సు కిరాయి నేనిస్తుంటి కద బిడ్డా!"

తప్పు ట్రాక్టరుదే అనుకుంటే మాకు సుఖంగా ఉండేది. కాని ఐదుగురి కోసం చేసిన కారులో తొమ్మిదిమందిని కుక్కింది మేమే. బరువు పెరిగితే బ్రేకుల మీద, టైర్ల మీద భారం పెరుగుతుంది. వేగం రెండింతలైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఒడిలోని బిడ్డను చేతులతో పట్టుకుంటామనుకోవడం వట్టి భ్రమ. ఆ మరుసటి నెలే, 2014 జనవరిలో, గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశపు ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూచింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ధర తగ్గించడానికి ఏమేమి వదిలివేశారో అప్పుడు అందరికీ తెలిసింది. ఆ తరువాత చట్టం మారింది. 2019 జూలై నుండి కొత్త కార్లలో డ్రైవరుకు, 2021 ఆఖరు నుండి పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది.

నానో కథ కూడా ఆలోచించదగినదే. అన్నిటికన్నా చవకైన కారన్న ముద్రే దానికి చేటు చేసిందని రతన్ టాటాయే తరువాత ఒప్పుకున్నారు. కారు కొనేవాడు చక్రాలతోపాటు నలుగురిలో గౌరవం కూడా కొనాలనుకుంటాడు. మేమూ అంతే. కారు కొన్న కొత్తలో పక్క వీధికి కూడా అందులోనే పోయాము. వాకిట్లో నిలిచిన కారు కూడా తింటుంది. భీమా, టైర్లు, బ్యాటరీ, తెచ్చిన చేబదులుకు వడ్డీ. మైలేజీ లెక్కలో ఇవేవీ కనబడవు.

కాబట్టి చిన్న కారు వద్దని మేము చెప్పము. అవ్వకు ఆయాసం వచ్చిన ఆ రాత్రి మాకింకా గుర్తున్నది. ఇప్పుడు ఆ పాత బండి లేదు. దాని స్థానంలో ఎయిర్‌బ్యాగులున్న చిన్న కారే ఉంది. ఐదుగురికి మించితే మిగిలినవారు బస్సులో వస్తారు. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకుంటారు. చీకటి పడితే ప్రయాణం తెల్లవారికి వాయిదా. ఇల్లు కదిలేటప్పుడు చవకగా పోవడం కన్నా అందరం తిరిగి రావడం ముఖ్యం గదా!

అవ్వ ఉన్నన్నాళ్లు కారెక్కే ముందు "ఎంతమందిమి?" అని అడిగేది. అవ్వ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు మా చిన్నది తలుపు మూసే ముందు తలలు లెక్కపెడుతుంది. దాని పెదవిమీద ఆ సన్నని గీత ఇంకా ఉన్నది.