షుగర్ మాత్రకు పెట్టుబడి ఎవరు పెడతారు?

ఎడిన్‌బరో ఊరి చివర లిటిల్ ఫ్రాన్స్ అనే పేటలో, రాయల్ ఇన్‌ఫర్మరీ పెద్దాసుపత్రి పక్కనే ఉంది ఆన్ రౌలింగ్ క్లినిక్. హారీ పాటర్ సృష్టికర్త జె.కె. రౌలింగ్ తల్లి పేరది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో ఆవిడ 1990లో, 45 ఏళ్లకే కన్నుమూసింది. 2010లో కూతురు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి కోటి పౌండ్లు ఇచ్చింది. 2013లో క్లినిక్ తెరిచారు. 2019లో మరో కోటీ 53 లక్షల పౌండ్లు ఇచ్చింది.

నరాల మీది మయలిన్ పొరను ఒంట్లోని రోగనిరోధక శక్తే దెబ్బతీసే జబ్బు ఈ మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.). వచ్చిపోయే దశకు మందులు బాగానే వచ్చాయి. కాళ్లూ చేతులూ కొద్దికొద్దిగా పట్టు తప్పే ముదిరిన దశకే కరువు.

ఆ క్లినిక్‌కి వెళ్లినప్పుడు నర్సు ఒక చిన్న పలక నా ముందు పెట్టింది. దానికి తొమ్మిది రంధ్రాలు, పక్కన గిన్నెలో తొమ్మిది పుల్లలు. ఒక్కొక్కటే రంధ్రంలో గుచ్చి, మళ్లీ తీసి గిన్నెలో వేయాలి. ఆవిడ చేతిలో స్టాప్‌వాచ్. చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వబోయాను. ‘‘కొందరు మొదటి పుల్ల దగ్గరే ఆగిపోతారండీ’’ అంది. మందు పనిచేస్తోందో లేదో తేల్చే కొలతల్లో ఇదొకటి. ఇలాంటి కొలతలూ, మెదడు స్కాన్లూ వందల మందికి ఏళ్ల తరబడి తీయాలి. డబ్బంతా పోయేది అక్కడే.

పోయిన డబ్బుకు ఫలితం దక్కుతుందన్న హామీ లేదు. ఈ క్లినిక్ వైద్యులు పాలుపంచుకున్న ఎం.ఎస్. స్మార్ట్ పరీక్షలో 445 మందితో మూడు పాత మందులను పరీక్షించి చూశారు. మెదడు కుంచించుకుపోవడం ఏ మందుతోనూ తగ్గలేదని 2020లో ప్రచురించారు. నన్నడిగితే ఆ డబ్బు దండగ కాదు. పనికిరానిదేదో తేలకుండా పనికొచ్చేది దొరకదు కదా!

ఈ జబ్బు ముదిరిన దశకే మందు వెతుకుతూ 2023లో మొదలైన ఆక్టోపస్ అనే పరీక్షకు ఆ దేశపు ఎం.ఎస్. సొసైటీ విరాళాలే ఆధారం. ఒకేసారి రెండు మూడు మందులు పరీక్షిస్తారు. గుణం కనిపించనిదాన్ని మధ్యలోనే తీసేసి కొత్తది చేరుస్తారు. మొదట ఎంచుకున్నవాటిలో మెట్‌ఫార్మిన్ ఒకటి. అవును, మన ఇంట్లో నాన్నగారు భోజనం చేసి వేసుకునే షుగర్ మాత్రే. దానిమీద పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. రేపు అది ఈ జబ్బుకు పనిచేసినా కంపెనీకి మిగిలేది లేదు. అందుకే అలాంటి మందుల పరీక్షకు డబ్బు ప్రభుత్వమైనా ఇవ్వాలి, దాతలైనా ఇవ్వాలి.