ఫ్రీ సైజు దేశములో ఆది జాకెట్టు

సియోలు నగరమున స్త్రీకి తల్లిదండ్రులు పెట్టిన పేరు గాక రెండంకెల పేరు మరియొకటి యుండును. 44, 55, 66, 77 అను సంఖ్యలలో ఏదో యొకటి ఆమెను దుకాణమునుండి దుకాణమునకు వెన్నంటి తిరుగుచుండును. 1980 ప్రాంతమున ఈ దేశపు వస్త్రప్రమాణములను నిర్ణయించినవారు సగటు స్త్రీ యెత్తు 155 సెంటీమీటర్లనియు, ఛాతీ చుట్టుకొలత 85 సెంటీమీటర్లనియు ఎంచి, ఆ రెంటి తుది అంకెలను జోడించి 55 అని పేరిడిరని చెప్పుదురు. అటుపిమ్మట ప్రభుత్వపు కొలతలు సెంటీమీటర్లకు మారినను, జనుల నాలుకపై నుండి ఆ జంట అంకెలు మాత్రము దిగిపోలేదు. గోదావరి జిల్లాలో పుట్టి, పప్పన్నములో నేతికి లోపము రానీయక పెరిగిన నావంటిదానికి ఆ వరుసలో ఎచ్చటను చోటు కానరాదు. ఇక సంఖ్యయే లేని దుస్తులపై ‘ఫ్రీ సైజు’ అను చీటి యుండును. అవి 55కును 66కును నడుమనున్న దేహములకు చక్కగా పట్టును. తక్కినవారు చూచి ఆనందింపవలెను. భూగర్భపు అంగళ్లలో పలుచోట్ల తొడిగి చూచుటకైనను ఒప్పుకొనరు.

ఈ ఇరుకుదనమే కొరియా పాటలవారి వేషమునకు ప్రాణమని మా అక్క కూతురు గాఢముగా నమ్మియుండెను. ఆ పిల్ల ఇచ్చటనే విశ్వవిద్యాలయమున చదువుచున్నది. ఏటేట మే నెలలో విద్యాలయములందు ఉత్సవములు జరుగును. పేరుమోసిన గాయకబృందములే వచ్చి ఆడి పాడిపోవును. ఆ సాయంకాలమునకు తగిన వేషము కావలెనని కోరి, వారములకొలది అంగళ్లన్నియు గాలించి, తుదకు నా యింటికి వచ్చి, “పిన్నీ, ఈ ఊళ్లో నా తుంటికి సరిపోయే లంగా ఇంకా పుట్టలేదు” అని చతికిలబడెను. నేను ఓదార్పునకు మారుగా ఆమెకు కొంత చరిత్ర చెప్పితిని. 1992లో సొ తైజీ అండ్ బాయ్స్ అను మువ్వురు యువకులు ఈ సంగీతమునకు కొత్త బాట వేసినప్పుడు వారు తొడిగినవి ఇద్దరు పట్టునంత వదులైన లాగులు. 2009లో ‘జీ’ పాటతో గర్ల్స్ జనరేషన్ బాలికలు రంగురంగుల ఇరుకు జీన్సు తొడుగగా దేశమంతయు కాళ్లకు రంగు పూసికొన్నట్లయ్యెను. 2022లో న్యూజీన్స్ అను బృందము వచ్చునప్పటికి లాగులు మరల వెడల్పాయెను. కావున ఇరుకన్నది ఈ వేషమునకు స్వభావము కాదు, వచ్చిపోవు ఋతువు మాత్రమే. దేహము విషయమున నిష్ఠురమైన రంగమే అయినను, మామామూ బృందములోని హ్వాసా, సౌందర్యప్రమాణమునకు లొంగలేదని పలువురు వేలెత్తి చూపినను లెక్కసేయక, 2023లో ‘ఐ లవ్ మై బాడీ’ అని పాటయే పాడినది.

అయినను చరిత్రతో తుంటి కప్పబడదు గదా. అసలు గ్రహింపవలసినది వేదిక మీదనే యున్నది. ఐదుగురు బాలికలు ఒకే వేషముతో నిలిచినట్లు దూరమునకు తోచును. నిదానించి చూచినచో ఒకతెకు కుచ్చుల లంగా, ఒకతెకు పొట్టి లాగు, వేరొకతెకు చేతులు లేని రవిక, ఇంకొకతెకు నడుము వరకే వచ్చు కోటు. గుడ్డయు, రంగును, గుండీలును మాత్రమే సమానములు. వారికి వస్త్రాలంకరణ చేయువారు ఎంతటి ఖరీదైన అంగీనైనను దయాదాక్షిణ్యములు లేక కత్తిరించి, విప్పి, మరల కుట్టి, ఆ పిల్ల భుజమునకు, ఈ పిల్ల నడుమునకు అనుగుణముగా మార్చుదురు. దేహమును బట్టి గుడ్డను దిద్దుటయే వారి విద్య. అంగడివాడు మనకమ్మునది ఆ విద్యను కాదు, ఎవరో యొక సన్నని పిల్లకై దిద్దిన ఫలితమును. ఇది తెలియక మనము ఆ ఫలితములో దూరుటకు ఊపిరి బిగబట్టుచున్నాము.

ఇది తేలిన పిదప, పిల్ల వేషమును మేమే కుట్టింపదలచి డోంగ్‌డేమున్ వస్త్రవిపణికి పోయితిమి. అంతస్తులకొలది గుడ్డలు, లేసులు, గుండీలు. కోటు మాత్రము కుట్టింపలేదు. పురుషుల విభాగమున 105 సంఖ్య గలది కొంటిమి. పురుషుల పైదుస్తులకు ఇచ్చట సంఖ్య యనగా ఛాతీ సెంటీమీటర్లే, అందు మోసము లేదు. దానిని మా వీధిలోని చాకలి దుకాణమున, బట్టలు సవరించు పెద్దావిడ చేతిలో పెట్టితిమి. (ఈ నగరమున ఇస్త్రీ చేయు దుకాణములలో చాలభాగము కుట్టుపనియు చేయును, నాకు ఇచ్చటి నాగరికతలో మిక్కిలి నచ్చినది బుల్లెట్ రైలు కాదు, ఇదియే.) ఆమె భుజముల నెక్కించి, అడుగుభాగమును నడుముదాక కోసివైచి, ఆ కోసిన పట్టీనుండియే ముక్కలు తీసి రెండు చంకలక్రింద అతికినది. చేయి పైకెత్తినప్పుడు కోటు మెడవరకు ఎగబ్రాకకుండుటకు ఆ ముక్కలే కారణము. భుజపు కుట్టు భుజము చివరనే నిలువవలెను. అది జారినచో నిండైన దేహము ఇంకను నిండుగా కన్పించును.

లంగాకు గుడ్డ కొనునప్పుడు మాకు కొంత వాదము జరిగెను. మడతల లంగా నిండుగా కుదురుటకు తుంటి కొలతకు మూడింతల గుడ్డ కావలెను: తుంటి 44 అంగుళములైనచో 132 అంగుళములు. అంగడిలో దొరకు లంగాలకు పిసినారితనమున మడతలు లోతు తక్కువగా వేయుదురు. కాబట్టి తుంటి వద్ద అవి నోళ్లు తెరచును, చూచువారు దేహమునే నిందింతురు. మేము మడతలను నడుమునుండి తుంటి వరకు అణచి కుట్టించి, అచ్చటినుండి విడిచితిమి. పైచొక్కాకు ముందుభాగము వెనుకభాగముకంటె రెండంగుళములు పొడవుగా కోయుమని నేను పట్టుబట్టితిని. టక్కులు లేని తిన్నని కోతలో నిండైన ఛాతీ ముందుగుడ్డను పైకి లాగికొనును.

ఆ పెద్దావిడకు నా మాటలు సగము తెలియకపోవుటచే పెట్టెలోనుండి నా ఆది జాకెట్టు తీసి చూపితిని. లోపల అదనముగా విడిచిన గుడ్డయు, దానిపై ఒకదాని ప్రక్క నొకటిగా సాగిన కుట్లును చూచి ఆమె కండ్లద్దములు సవరించుకొనెను. ఒళ్లు వచ్చినప్పుడు ఒక కుట్టు విప్పుకొందుమని సైగలతో చెప్పగా పకపక నవ్వి, పిల్ల చొక్కాకును అట్లే విడిచినది. ఇచ్చటి అంగళ్లలోని చౌక దుస్తులలో అంచు కోసి ఓవర్‌లాక్ చేసిన పిదప లోపల విప్పుటకు ఏమియు మిగులదు. ఈ దేశపు పాతదుస్తులు అటువంటివి కావు సుమా: హన్‌బోక్‌లోని చిమా రొమ్ముపై చుట్టి త్రాళ్లతో ముడివేయు లంగా, ఎంత చుట్టుకొందువో అంత కొలత.

చిక్కు మరియొక చోట వచ్చెను. చొక్కా పొట్టిదగుటచే బొడ్డుపై మూడు వ్రేళ్ల మేర చర్మము కన్పించుచుండెను. వీడియోలో చూచిన మా అక్కకు అది సహింపరానిదయ్యెను. పట్టుచీర కట్టి పెండ్లిపీటల ముందు నిలిచినప్పుడు అంతకు రెండింతల నడుము మన స్త్రీలందరిదియు కన్పించును. దాని నెవరును గమనింపరు. ఇచ్చటివారికో, మోకాలిపై జేనెడు కాలు కన్పించినను పట్టింపు లేదు గాని, భుజములు కన్పించినచో పెద్దలు ముఖము త్రిప్పుకొందురు. ఏ దేశమున ఏ అవయవమునకు సిగ్గు పంచిరో ఎవరి లెక్క వారిది. తుదకు లంగా నడుముపట్టీని బెత్తెడు పైకి పెంచి సంధి చేసికొంటిమి. నడుము ఎగువకు జరిగి కాళ్లు పొడవుగా తోచుటచే ఆ సంధి వలన లాభమే కలిగెను.

మిగిలినవి బూట్లు. మోకాలిదాక వచ్చు తోలుబూట్ల జిప్పు ఆమె పిక్కల నడుమ నిలిచిపోవుచున్నది. వీధిమూలనున్న చెప్పులు బాగుచేయు పెద్దమనిషి సాగుపట్టీ వేయవచ్చుననెను గాని, ఆయన అడిగిన మొత్తము బూట్ల వెలను మించుచున్నది. కురుచ బూట్లు తొడిగి వానిపై అల్లిన లెగ్ వార్మర్లు వేసికొనిన అదే ఆకారము వచ్చునని నేను చెప్పుచున్నాను. మే నెల ఎండలో ఉన్ని ఏమిటని ఆమె వాదించుచున్నది. ఇంకను తేలలేదు.